ఓడ దారి, పిట్ట దారి

(సలీం అలీ స్మృతిలో పాలమూరులో చేసిన ఉపన్యాసం. ముద్రణ కోసం అక్కడక్కడా సవరించిన పాఠం.)



సముద్రపు పక్షులు, ఓడలు అన్న మాటలు ఆహ్వాన పత్రికలో చూసి, పాలమూరులో ఈ ముచ్చట ఎందుకని మీలో కొందరైనా అనుకునే ఉంటారు. ఇంటికి వెళ్లాక ఒకసారి పటం తీసి నారాయణపేట మీద వేలు పెట్టండి. అక్కడినుంచి నేరుగా దక్షిణానికి దిగండి. కృష్ణ దాటి, కర్ణాటక దాటి, కన్యాకుమారి దగ్గర నేల అయిపోతుంది. వేలు ఎత్తకుండా ఇంకా కిందికి వెళ్లండి. ఆ తర్వాత గుప్పెడు మన్ను కూడా తగలదు. నారాయణపేట నుంచి సుమారు ఆరు వేల కిలోమీటర్లు దిగాక ఒక చిన్న దీవి వస్తుంది. పేరు ఆమ్‌స్టర్‌డామ్ దీవి, ఏలుబడి ఫ్రాన్సుది. నారాయణపేట, కన్యాకుమారి, ఆ దీవి మూడూ ఇంచుమించు 77న్నర డిగ్రీల తూర్పు రేఖాంశం మీదే ఉన్నాయి. ఆల్బట్రాస్ అనే సముద్రపు పక్షుల్లో ఆ దీవి పేరే పెట్టుకున్న జాతి ఒకటి ప్రపంచంలో మరెక్కడా గుడ్డు పెట్టదు. ఈ పూట నేను చెప్పబోయే కథలో పెద్ద భాగం ఆ దీవి చుట్టుపక్కల సముద్రంలోనే జరిగింది. మిగిలిన భాగం షాద్‌నగర్‌లోను, నాగార్జునసాగర్‌లోను ఉంది.

ముందు పక్షిశాస్త్రవేత్త సలీం అలీ గారి సంగతి. 1931-32లో ఆయన నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. భార్య తెహ్మీనా వెంట ఉండగా గుడారాలు వేసుకుంటూ తిరిగారు. అమ్రాబాద్ అడవుల్లో మన్ననూరు, ఫర్హాబాద్ ఆ సర్వే మజిలీలే. ఆయన పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. పిట్ట పేరు రాసి ఊరుకోలేదు. ఏ చోట, ఏ తేదీన, ఏం చేస్తుండగా, ఏం తింటుండగా కనబడిందో కూడా రాశారు. పేరు పుస్తకం చూసి ఎవరైనా రాయగలరు. చోటు, వేళ, పని అనే మూడూ రాయాలంటే అక్కడ నిలబడి ఉండాలి. నేను చెప్పబోయే సాంకేతికత అంతా చివరికి ఈ మూడు గడులనే నింపుతుంది.

ఆయన ఇక్కడ తిరిగిన రోజుల్లో కృష్ణ మీద సాగర్ లేదు, శ్రీశైలం లేదు. సాగర్‌కు పునాదిరాయి పడింది 1955 డిసెంబరు 10న, కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అంటే ఆయన చూసిన కృష్ణ, కొండల మధ్య పారే ఏరు. మైళ్ల కొద్దీ నిలిచిన నీరు, దాని మీద లాంచీలు, వలలు, వాటి వెంటపడే పక్షులు ఆయన సర్వేలో ఉండే అవకాశమే లేదు. దీనికి మళ్లీ వస్తాను.

పక్షి ఎక్కడికి పోతుందో తెలుసుకోవడానికి మొదట కాలికి ఉంగరం వేశారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో ఈ పనిని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. వెనక ఉన్నది సలీం అలీ గారే. ఉంగరం రెండు చుక్కలు మాత్రమే ఇస్తుంది: వేసిన చోటు, దొరికిన చోటు. మధ్యలో ఏం జరిగిందన్నది ఊహ. ఆ మధ్యను చూపినవి ఉపగ్రహాలకు కబురు పంపే పరికరాలు. 2013లో నాగాలాండ్‌లో అముర్ డేగలకు వీటిని కట్టారు. చేతిలో ఇమిడిపోయే ఆ డేగలు మన ద్వీపకల్పాన్ని దాటి, అరేబియా సముద్రాన్ని ఆగకుండా దాటి, ఆఫ్రికా చేరిన తీరును దేశమంతా చూసింది.

అయితే పక్షి దారి ఒక్కటే చేతిలో ఉంటే, అది ఎక్కడ వంపు తిరిగిందో తెలుస్తుంది కానీ ఎందుకు తిరిగిందో తెలియదు. గాలి మళ్లిందా? చేప కనబడిందా? ఓడ కనబడిందా? ఈ మూడో ప్రశ్నకు జవాబు కావాలంటే ఓడ దారి కూడా కావాలి.

ఓడ దారి ఎలా దొరుకుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. అంతర్జాతీయ ప్రయాణం చేసే 300 టన్నుల పైబడిన ప్రతి ఓడా ఏఐఎస్ అనే పరికరం పెట్టుకోవాలన్న నిబంధన 2004 చివరికల్లా పూర్తిగా అమల్లోకి వచ్చింది. దాన్ని తెచ్చింది పక్షుల కోసం కాదు, ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా. నడుస్తున్న ఓడ 2 నుంచి 10 సెకన్లకోసారి, లంగరు వేసి ఉంటే 3 నిమిషాలకోసారి ఒక చిన్న సందేశాన్ని రేడియోలో వదులుతుంది. ఆ సందేశంలో మొదట తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది 419తో మొదలైతే భారతీయ ఓడ. తర్వాత అక్షాంశం, రేఖాంశం, వేగం, దిశ. ఇంకో గడిలో ఓడ ఏం చేస్తోందో చెప్పే అంకె: సున్నా అయితే ఇంజను మీద నడుస్తోంది, 1 అయితే లంగరు వేసింది, 7 అయితే చేపల వేటలో ఉంది. చూశారా, చోటు, వేళ, పని. సలీం అలీ నోటుపుస్తకంలోని మూడు గడులే.

ఆ 7ను నమ్మడానికి లేదు. చాలామంది కెప్టెన్లు దాన్ని మార్చడం మరచిపోతారు, కొందరు కావాలనే మార్చరు. అందుకని పరిశోధకులు వేగాన్ని చూస్తారు. వల ఈడ్చే మరబోటు గంటకు మూడు నాలుగు నాటికల్ మైళ్లకు మించి పోదు. అదే బోటు రేవుకు తిరిగొచ్చేటప్పుడు దానికి రెండింతలకు పైగా పోతుంది. చుక్కలన్నీ కలిపి చూస్తే, ఎక్కడ వల వేసిందో కెప్టెన్ చెప్పకపోయినా బోటు చెబుతుంది.

ఈ రేడియో తరంగాలు నేల వంపు దాటి పోలేవు. తీరంలో ఎత్తుమీద యాంటెన్నా పెట్టినా కొన్ని పదుల కిలోమీటర్లే వినబడుతుంది. నడిసముద్రంలోని ఓడను వినాలంటే ఆకాశం నుంచే వినాలి. మన జిల్లాకు ఈ కథలో చోటు ఇక్కడే వస్తుంది. 2011 ఏప్రిల్ 20న శ్రీహరికోట నుంచి వెళ్లిన రిసోర్స్‌శాట్-2 పంటలు, అడవులు, చెరువుల బొమ్మలు తీసే ఉపగ్రహం. దానిలో కెనడాకు చెందిన కామ్‌డెవ్ వాళ్ల ఏఐఎస్ పరికరాన్ని కూడా ప్రయోగాత్మకంగా పెట్టి పంపారు. ఆ ఉపగ్రహం తీసిన బొమ్మలు దిగేది షాద్‌నగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం యాంటెన్నాల మీదికి. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు షాద్‌నగర్ రంగారెడ్డికి వెళ్లింది కానీ, అప్పటిదాకా అది మహబూబ్‌నగర్ జిల్లానే. జొన్నచేల మధ్య నుంచి బెంగుళూరు హైవే మీద పోతూ ఆ తెల్ల గొడుగులను మీరంతా చూసే ఉంటారు.

ఆకాశం నుంచి వినడంలో ఒక చిక్కుంది. ఏఐఎస్‌లో నిమిషాన్ని 2,250 గడులుగా కోస్తారు. దగ్గర్లోని ఓడలు తమలో తాము సర్దుకుని తలా ఒక గడిలో మాట్లాడతాయి. ఉపగ్రహానికి మాత్రం వేల కిలోమీటర్ల మేర సముద్రం ఒకేసారి వినబడుతుంది. ఒకరినొకరు ఎరుగని వందల గుంపులు అదే గడిలో మాట్లాడతాయి. పండగ ముందు రోజు జడ్చర్ల బస్టాండులో నిలబడి ఒకే ఒక్క కండక్టరు కేకను వేరు చేయమన్నట్టు ఉంటుంది. అందుకే రద్దీ సముద్రాల్లో చాలా సందేశాలు పోతాయి, ఖాళీ సముద్రాల్లో చక్కగా అందుతాయి. ఆల్బట్రాస్‌లు ఉండేది ఖాళీ సముద్రంలో. పరిశోధకుల అదృష్టం.

ఇప్పుడు రెండు దారులనూ పక్కపక్కన పెడదాం. పక్షి పరికరం కొన్ని నిమిషాలకోసారి చుక్క పెడుతుంది, ఓడ ఇంకో లెక్కలో పెడుతుంది. వేళలు కలవవు. కాబట్టి పక్షి చుక్క పడిన క్షణానికి ఓడ ఎక్కడ ఉండి ఉంటుందో ముందు వెనక చుక్కల నుంచి లెక్కగట్టి, ఇద్దరి మధ్య దూరం తీస్తారు. ఇలా చేసి ఫ్రెంచి పరిశోధకులు 2015లో చెప్పిన విషయం ఏమిటంటే, వాండరింగ్ ఆల్బట్రాస్ సుమారు 30 కిలోమీటర్ల దూరం నుంచే ఓడను పసిగట్టి దారి మళ్లుతుంది. చూపు ఆనే దూరం హద్దు అదే. ఐర్లండ్ చుట్టుపక్కల గానెట్ పక్షుల మీద 2014లో వచ్చిన పరిశోధనలో ఆ దూరం 11 కిలోమీటర్లు. అంటే ఒక మరబోటు తన చుట్టూ ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వెడల్పున పక్షుల నడక మార్చేస్తోంది. బోటులోని వాళ్లకు ఆ సంగతే తెలియదు.

ఇక్కడ నేను విద్యార్థులను హెచ్చరించాలి. పక్షీ పడవా ఒకేచోట కనబడినంత మాత్రాన పక్షి పడవ కోసమే వచ్చిందని రాయకండి. ఇద్దరూ చేప కోసం వచ్చి ఉండవచ్చు. హైదరాబాదులోని ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉంది. సునామీ హెచ్చరికలు ఇచ్చేది వాళ్లే. చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు చెప్పేదీ వాళ్లే. సముద్రం పైపొర వేడిని, నీటి పచ్చదనాన్ని ఉపగ్రహం కొలిస్తే, చల్లనీరూ వెచ్చనీరూ ఒరుసుకునే గీత మీద నాచు పెరిగే చోటు తెలుస్తుంది. ఆ నాచు వెంట చిన్నచేప, దాని వెంట పెద్దచేప. ఆ చోటు వివరాలు తెలుగులో సైతం మత్స్యకారుల ఫోన్లకు అందుతాయి. బోటు ఫోను చూసి అక్కడికి పోతుంది. పక్షి ఫోను లేకుండానే పోతుంది. ఇద్దరూ అక్కడ కలిస్తే ఎవరు ఎవరి వెంట వచ్చినట్టు?

దీనికి ఒక ఉపాయం వాడవచ్చు. ఓడ దారిని అలాగే ఉంచి, దాని తేదీని ఒకరోజు ముందుకు జరిపి, పక్షి దారితో మళ్లీ పోల్చాలి. నిన్నటి ఓడకూ నేటి పక్షికీ మధ్య కూడా అంతే దగ్గరతనం కనబడితే, పక్షి వచ్చింది ఆ చోటు కోసం. నిజమైన వేళకే దగ్గరతనం పెరిగితే, వచ్చింది ఓడ కోసం. ఖర్చులేని పరీక్ష. ఇది చేయకుండా రాసిన వ్యాసాలను అనుమానంతోనే చదవండి.

ఓడ వెంటపడితే పక్షికి నష్టమేమిటి, ఉచితంగా తిండి దొరుకుతుంది కదా అంటారేమో. లాంగ్‌లైన్ అనే వేటలో పదుల కిలోమీటర్ల పొడవు తాడుకు వేల కొక్కేలు కట్టి, ఎర గుచ్చి వెనకనుంచి వదులుతారు. అది మునిగేలోపు పైనున్న పక్షి ఎరను మింగుతుంది. తాడుతోపాటు మునిగిపోతుంది. ఇలా ఏడాదికి కనీసం 1,60,000 సముద్ర పక్షులు చనిపోతున్నాయని 2011 నాటి అంచనా. వాండరింగ్ ఆల్బట్రాస్ రెండేళ్లకోసారి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ లెక్కన ఈ చావులను పూడ్చుకోవడం దాని వల్ల కాదు. దీనికి మందు లేక కాదు. రాత్రిపూట తాడు వదలడం, తాడుకు బరువు కట్టి త్వరగా మునిగేలా చేయడం, వెనక రంగు పీలికలు వేలాడే బెదురుతాడు కట్టడం చాలావరకు పనిచేస్తాయి. మన చేలల్లో పిట్టలను తోలడానికి కట్టే రిబ్బన్లు కూడా ఆ పనే చేస్తాయి. ఈ జాగ్రత్తలు తీసుకుంటున్న ఓడేది, తీసుకోనిదేది అన్నదే ప్రశ్న. దానికి ముందు ప్రశ్న, ఓడ అక్కడ ఉందా లేదా.

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇప్పుడు చెబుతాను. ఏఐఎస్ పరికరానికి స్విచ్ ఉంటుంది. దొంగవేటకు పోయేవాడు ముందు చేసే పని దాన్ని ఆపేయడం. కానీ చీకట్లో, పొగమంచులో ఇంకో ఓడకు గుద్దుకోకుండా ఉండాలంటే రాడారు వేసుకోక తప్పదు. ఫ్రెంచి పరిశోధకుడు హెన్రీ వైమర్‌స్కిర్ష్, ఆయన సహచరులు ఈ లొసుగు పట్టుకున్నారు. ఆమ్‌స్టర్‌డామ్, క్రోజే, కెర్గెలెన్ దీవుల్లో 169 ఆల్బట్రాస్‌ల వీపున, జీపీఎస్‌తోపాటు ఓడ రాడారును పసిగట్టే పరికరం అంటించారు. పక్షి తన తిండికోసం తాను తిరుగుతుంది. ఎక్కడైనా రాడారు తగిలితే ఆ చోటు, ఆ వేళ ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చేరతాయి. ఒడ్డున కూర్చున్నవాళ్లు ఏఐఎస్ పటం తీసి, అక్కడ ఓడ ఉన్నట్టు ఎవరైనా చెప్పారా అని చూస్తారు. పక్షులన్నీ కలిసి 4.7 కోట్ల చదరపు కిలోమీటర్ల సముద్రం గాలించాయి. మన దేశం వైశాల్యానికి అది పద్నాలుగు రెట్లు. వాటికి తగిలిన ఓడల్లో 28 శాతం ఏఐఎస్‌లో లేవు. ఏ దేశానికీ చెందని సముద్రంలో అయితే మూడో వంతు పైనే లేవు. ఆ ఫలితాలు 2020 జనవరిలో అచ్చయ్యాయి.

అప్పటిదాకా ఓడ డేటాతో పక్షిని చదువుతున్నాం అనుకున్నారు. అక్కడ కథ తిరగబడింది. పక్షి డేటాతో ఓడను చదవడం మొదలైంది. ఓడల పటంలో ఖాళీగా కనబడిన చోటు నిజంగా ఖాళీ కాదని నిరూపించడానికి పక్షి సాక్ష్యం పనికొచ్చింది. 2024 జనవరిలో రాడారు ఉపగ్రహ బొమ్మలను గాలించి ఇంకొక బృందం ఇంకా పెద్ద మాట చెప్పింది. ప్రపంచంలోని పారిశ్రామిక చేపలవేట ఓడల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు బహిరంగ పటాల్లో లేవు. అలా కనబడని ఓడలు ఎక్కువున్న ప్రాంతాల్లో దక్షిణాసియా ఒకటి.

ఈ మాటను మనం తొందరపడి దొంగతనంగా చదవకూడదు. కనబడనివాళ్లంతా దాక్కున్నవాళ్లు కారు. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లోని ఫైబరు బోటుకు ఆ పరికరం పెట్టుకోవాలన్న నిబంధనే లేదు. 26/11 ముంబై దాడుల తర్వాత 20 మీటర్లు దాటిన వేట బోట్లకే దాన్ని తప్పనిసరి చేశారు. పరికరం లేకపోవడం వల్ల నష్టపోయేదీ చిన్నవాడే. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుపోయింది. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. నీటి మీద గీత ఎక్కడుందో చెప్పే పెట్టె బోటులో ఉంటే ఏమయ్యేదో ఆ కుటుంబాలను అడగండి. 2024 ఆగస్టు 30న ప్రధాని పాల్ఘర్‌లో ప్రారంభించిన పథకం కింద తీర రాష్ట్రాలన్నిటా లక్ష బోట్లకు ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు దశలవారీగా బిగిస్తున్నారు. తుపాను హెచ్చరిక, సరిహద్దు హెచ్చరిక, ఆపదలో కబురు, అన్నీ దానిలో వస్తాయి. పక్షిశాస్త్రవేత్తలకు ఆ డేటా అందితే బంగాళాఖాతం తీరాన గల్‌లు, టర్న్‌లు అనే నీటిపక్షులు మరబోట్ల వెంట ఎంత బతుకుతున్నాయో మొదటిసారి లెక్కకు వస్తుంది.

తూర్పు తీరాన ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. బోట్లన్నీ ఒకేసారి రేవులో కట్టేస్తారు. పరిశోధకుడికి ఇంతకంటే చక్కటి పరీక్ష ఎవరూ పెట్టివ్వరు: బోట్లు ఆగినప్పుడు పక్షులు ఏం చేస్తున్నాయి? ఒక్కటే మెలిక. చలికాలంలో మన తీరానికి వచ్చే గోధుమరంగు తల గల్‌లు ఆ వేళకు లడఖ్, టిబెట్ వైపు చాలావరకు వెళ్లిపోతాయి. వాటి లేమిని వేట నిషేధం ఖాతాలో వేస్తే తప్పు. ఇక్కడే ఉండిపోయే టర్న్‌లను, రేవులోని గద్దలను చూడాలి.

ఇక సాగర్‌కు వద్దాం. మన నల్లగొండ వైపు హిల్ కాలనీ రేవు నుంచి నాగార్జునకొండకు లాంచీ పోతుంది. నీరు చాలినంత ఉన్న కాలంలో శ్రీశైలం దాకా కూడా నడుపుతారు. శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో, సోమశిల చుట్టుపక్కల, పుట్టి మీద వేటాడేవాళ్లు ఉన్నారు. బయటినుంచి వచ్చి అలివి వలలు వేసే వాళ్లతో వాళ్లకు ఏళ్లుగా తగాదా. సన్నకన్ను వల కావడంతో పిల్లచేప సహా ఊడ్చుకుపోతుంది. ఆ నీటి మీదే రివర్ టర్న్ ఉంది. పసుపు ముక్కు, నల్ల టోపీ, చీలిన తోక. ప్రపంచమంతటా తగ్గిపోతున్నదని ఎర్రజాబితాలో చేర్చిన పక్షి. ఎండాకాలం నీరు తగ్గి బయటపడే ఇసుక తిన్నెల మీద, దీవుల మీద, నేల మీదే గుడ్డు పెడుతుంది. నీటిమట్టం హఠాత్తుగా పెరిగినా, మనిషి దిగినా, కుక్క దిగినా ఆ ఏడు సంతానం పోయినట్టే.

దానికి పరికరం కట్టాలని ఉత్సాహపడేవాళ్లు ఉంటారు. నేను వద్దంటాను, కనీసం ఇప్పుడే వద్దు. పక్షి బరువులో 3 శాతం మించి కట్టకూడదన్నది చాలామంది పాటించే హద్దు. 150 గ్రాముల పక్షికి అది నాలుగున్నర గ్రాములు. అంత చిన్న పరికరాలు దొరుకుతాయి కానీ, గూటి దగ్గర పట్టుకుంటే గూడు వదిలేసే ప్రమాదం ఉంది. పైగా అనుమతులు కావాలి, డబ్బు కావాలి. అంతకంటే ముందు తెలుసుకోవలసినవి పక్షిని తాకకుండానే తెలుస్తాయి.

లాంచీకి వేళలున్నాయి, దారి మారదు. సముద్రంలో ఏఐఎస్ ఇచ్చేదాన్ని ఇక్కడ మీ చేతిలోని ఫోను ఇస్తుంది. డిగ్రీ కాలేజీ పిల్లలు ఇద్దరు లాంచీ ఎక్కి, ఒకరు ఫోనులో దారి నమోదు చేస్తూ, ఇంకొకరు ఐదు నిమిషాలకోసారి లాంచీ వెనక నురుగు మీద ఎన్ని టర్న్‌లు, ఎన్ని గల్‌లు, ఎన్ని గద్దలు, ఏం చేస్తున్నాయో రాస్తే చాలు. పక్షి ఒక్కటీ లేని ఐదు నిమిషాలనూ రాయాలి. సున్నాలు రాయని నోటుపుస్తకంతో ఏమీ తేలదు. లాంచీ లేని వేళ ఒడ్డునుంచి అదే నీటిని చూసి రాయాలి. నిన్నటి ఓడ, నేటి పక్షి పరీక్ష ఇక్కడ ఈ రూపంలో చేసుకోవచ్చు. శీతాకాలం ఒకటి, ఎండాకాలం ఒకటి, రెండూ కావాలి. లాంచీ వెనక నీరు చిలికినప్పుడు పైకొచ్చే చిరుచేపల కోసం టర్న్‌లు వస్తున్నాయా, లేక చప్పుడుకు దూరం పోతున్నాయా అన్నది అప్పుడు తేలుతుంది. దూరం పోతున్నాయని తేలితే, గుడ్లు పెట్టే నెలల్లో లాంచీ దారిని తిన్నెలకు ఎంత ఎడంగా జరపాలో మీటర్లలో చెప్పవచ్చు. పర్యాటక శాఖ వాళ్లకు కావలసింది అలాంటి మాటే. పక్షులను కాపాడండి అని వినతిపత్రం ఇస్తే వాళ్లు తీసుకుని బీరువాలో పెడతారు. ఫలానా దీవి దగ్గర ఫలానా నెలలో ఇన్ని మీటర్లు పక్కకు అంటే డ్రైవరుకు చెప్పగలరు.

పుట్టివాళ్ల దారుల సంగతి వేరు. వాళ్లను అడిగి, వాళ్ల ఇష్టంతో తెలుసుకోండి, కానీ ఇంటర్నెట్‌లో ఎవరికీ కనబడే పటం మీద పెట్టకండి. చేప ఎక్కడ పడుతుందో ఒక ఇంట్లో తాత నుంచి మనవడికి వచ్చిన ఎరుక. అది బయటపెడితే మర్నాడు అక్కడ అలివి వల ఉంటుంది. పక్షి గూళ్ల చోట్లూ అంతే. మా లెక్కల్లో వాటిని కిలోమీటరు గడులకు మసకబార్చి ఇస్తాం. మీరూ అలాగే చేయండి. అసలు చుక్కలు కాలేజీ బీరువాలో ఉండాలి. తాళం ఎవరి దగ్గర ఉండాలో మొదటి లాంచీ ఎక్కకముందే, పుట్టివాళ్లలో ఒకరిని కూర్చోబెట్టుకుని తేల్చుకోండి.